దేవుని ఏర్పాటు – మనిషి జవాబు

వాక్యభాగము: ఫిలిప్పీయులకు 2:12, 13

 

కావలికి తూర్పున సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పల్లె నుండి ఒక తల్లి మాకు ఉత్తరం రాసింది. ఆమె రాసిన మాటల సారాంశం ఇది. "అయ్యగారూ, నా కొడుకు సండేస్కూల్లో పెరిగాడు. చిన్నప్పుడు వాక్యాలు కంఠస్థం చేసి బహుమానాలు తెచ్చుకున్నాడు. ఇప్పుడు నాలుగేళ్ళుగా మందిరం గడప తొక్కలేదు. దేవుడు వాడిని ఏర్పరచుకొని ఉంటే, నేను ప్రార్థించినా ప్రార్థించకపోయినా వస్తాడు గదా? ఏర్పరచుకోకపోతే, నా కన్నీళ్ళు ఏం చేస్తాయి?"

ఈ ఉత్తరానికి తొందరగా చెప్పగలిగిన జవాబులు రెండున్నాయి. ఒకటి, "అంతా దేవుని చిత్తం అమ్మా, ఊరుకో." రెండు, "అంతా నీ కొడుకు ఇష్టం అమ్మా, దేవుడేం చేస్తాడు?" ఈ రెండు జవాబులూ ఆ తల్లికి ఇవ్వలేక నేను చాలా రోజులు ఆ ఉత్తరాన్ని బైబిల్లోనే పెట్టుకొని తిరిగాను. మొదటి జవాబు ఆమె ప్రార్థనను చంపుతుంది. రెండవది ఆమె దేవుణ్ణి చిన్నవాణ్ణి చేస్తుంది. అందుకని ఈ దినాన ఆమెతో పాటు మీ అందరినీ మన ప్రాంతపు సంఘ చరిత్రలోకి తీసుకొని వెళ్ళాలని ఆశపడుతున్నాను. ఈ ప్రశ్నకు జవాబు మన ఇంటి దగ్గరే, నెల్లూరుకూ ఒంగోలుకూ మధ్యనున్న ఈ తీరం మీదే, మన పెద్దల జీవితాలలో రాసి ఉంది.

పాత వాదం

ముందుగా ఒక సంగతి గమనించండి. ఆ తల్లి అడిగిన ప్రశ్న కొత్తది కాదు. సుమారు 1600 సంవత్సరాల క్రితం ఉత్తర ఆఫ్రికాలో అగస్టీను అనే భక్తుడికీ, పెలాగియసు అనే బోధకుడికీ మధ్య ఇదే వాదం నడిచింది. మనిషి తన ప్రయత్నంతో, తన చిత్తబలంతో దేవుని ఆజ్ఞలు నెరవేర్చగలడని పెలాగియసు బోధించాడు. అగస్టీను తన యౌవనంలో పాపపు అలవాట్లు విడిచిపెట్టాలని ఎంత ప్రయత్నించినా విడవలేకపోయినవాడు. కాబట్టి, "దేవుడు ముందుగా మనసు ముట్టకపోతే మనం ఆయన వైపు తిరగనే తిరగలేము" అన్న సంగతి అతనికి అనుభవమే నేర్పింది. 418లో కార్తేజి పట్టణంలో కూడిన సంఘ సభ పెలాగియసు బోధను తోసిపుచ్చింది.

వెయ్యేళ్ళు దాటాక ఐరోపాలో ఆ వాదం మళ్ళీ లేచింది. జాన్ కాల్విన్ దేవుని సార్వభౌమత్వాన్ని, జగత్తు పునాదికి ముందే చేసిన ఆయన ఏర్పాటును బలంగా బోధించాడు. నెదర్లాండ్సు దేశంలో ఆర్మీనియసు అనే పండితుడు, దేవుని కృప లేకుండా ఎవడూ రాడు గాని, వచ్చిన కృపను మనిషి కాదనగలడు అని బోధించాడు. 1609లో ఆయన చనిపోయాక ఆయన శిష్యులు తమ విశ్వాసాన్ని ఐదు అంశాలుగా రాసిచ్చారు. 1618, 1619 సంవత్సరాలలో డోర్టు పట్టణంలో సభ కూడి వాటిని ఖండించింది. అయినా వాదం ఆగలేదు. బాప్టిస్టు సంఘాలలో కూడా రెండు పాయలు నడిచాయి. క్రీస్తు ఏర్పరచబడినవారి కొరకు చనిపోయాడు అన్నవారు ఒక పాయ, అందరి కొరకూ చనిపోయాడు అన్నవారు మరొక పాయ.

ఇంగ్లండులో మొదటి పాయవారిలో కొందరు ఒక ప్రమాదకరమైన చోటికి చేరుకున్నారు. ఏర్పరచబడినవారిని దేవుడే తెచ్చుకుంటాడు గనుక, పాపిని "రా, నమ్ము" అని పిలవవలసిన పని మనకు లేదు అనుకున్నారు. ఆ పాయలోనే ఉన్న ఆండ్రూ ఫుల్లర్ అనే పాస్టరుగారు 1785లో ఒక గ్రంథం అచ్చువేసి ఈ ఆలోచనను ఎదిరించాడు. దేవుని ఏర్పాటును ఆయన కాదనలేదు. కాని సువార్త విన్న ప్రతివాడికీ నమ్మవలసిన బాధ్యత ఉందనీ, నమ్మినవాడికి పిలవవలసిన బాధ్యత ఉందనీ లేఖనాల నుండి చూపించాడు. ఆయన స్నేహితుడే విలియం కేరీ. 1792లో కెట్టరింగు పట్టణంలో వారు మిషనెరీ సంఘాన్ని స్థాపించారు. కేరీగారు బెంగాలుకు వచ్చారు. 1818లో సేరంపూరులో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది.

చూశారా ప్రియులారా! ఆ తల్లి అడిగిన ప్రశ్నకు ఫుల్లరు గారి వంటివారు సరియైన జవాబు వెదకకపోయి ఉంటే, ఆ పడవలు మన తీరం వైపు వచ్చేవే కావు.

ఒంటరి చుక్క

ఇప్పుడు మన తెలుగు దేశానికి వద్దాం. 1835లో అమెరికాలోని రిచ్మండు పట్టణంలో బాప్టిస్టు మిషనెరీ సభ జరుగుతున్నది. అక్కడ అమోస్ సట్టన్ అనే ఇంగ్లీషు మిషనెరీ లేచి, తెలుగువారి మధ్యకు మిషనెరీలను పంపమని బతిమాలాడు. ఈ సట్టన్ గారు ఒరిస్సాలో పనిచేస్తున్నవారు. ఆయన రెండవ పాయకు చెందినవాడు, అంటే క్రీస్తు అందరి కొరకూ చనిపోయాడని బోధించే సంఘం వాడు. ఆయన మాట విన్న అమెరికా బాప్టిస్టులలో ఎక్కువమంది దేవుని ఏర్పాటును నొక్కి చెప్పే మొదటి పాయ నుండి వచ్చినవారు. ఒక పాయవాడు అడిగాడు, మరొక పాయవారు పంపారు. ఆ ఏడాదే శామ్యూల్ డే దొరగారు ఓడ ఎక్కారు. విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసు తిరిగి 1840లో నెల్లూరు చేరారు.

ఆ తరువాత ఏం జరిగింది? లోకం లెక్క ప్రకారం ఏమీ జరగలేదు. డే దొరగారు ఆరోగ్యం చెడి స్వదేశానికి వెళ్ళవలసి వచ్చింది. 1849లో లైమన్ జ్యూయెట్ దొరగారితో కలిసి తిరిగి వచ్చారు. ఎండలో బజారు సువార్త, పల్లెల్లో కరపత్రాలు, ఏళ్ళ తరబడి ప్రసంగాలు. నమ్మినవారిని మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 1853లో అమెరికాలోని ఆల్బనీ పట్టణంలో జరిగిన వార్షిక సభలో, ఈ మిషన్ మూసివేద్దామా అన్న ప్రశ్న వచ్చింది. గోడ మీది మిషన్ పటంలో బర్మా వైపు ఎన్నో చుక్కలు, తెలుగు దేశంలో నెల్లూరు దగ్గర ఒకే ఒక్క చుక్క. ఆ చుక్కను చూపి ఒకరు "ఒంటరి చుక్క" అన్నారు. ఆ సభకు వచ్చిన శామ్యూల్ స్మిత్ అనే కవి ఆ రాత్రే దాని మీద పద్యాలు రాశాడు. మరునాడు అవి చదివినప్పుడు సభ కరిగిపోయింది. మిషన్ నిలిచింది.

1862లో మళ్ళీ అదే ప్రశ్న. అప్పుడు జ్యూయెట్ దొరగారు అమెరికాలోనే ఉన్నారు. మీరు పంపకపోయినా నేను ఒంటరిగానైనా వెళ్ళి తెలుగువారి మధ్య బ్రతుకుతాను, అక్కడే చస్తాను అన్న అర్థం వచ్చేటట్టు ఆయన పట్టుబట్టారు. మిషన్ మళ్ళీ నిలిచింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. నెల్లూరు మిషన్‌ను నిలబెట్టింది ఎవరు? దేవుడా, జ్యూయెట్ దొరగారా? దేవుడే అంటే, ఆ మనిషి పట్టుదలకు విలువ లేదా? జ్యూయెట్ దొరగారే అంటే, అంత కాలం పంట లేని పొలం మీద ఆ మనిషికి అంత ఆశ పుట్టించింది ఎవరు? అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో కొరింథులో పౌలు భయపడుతున్నప్పుడు ప్రభువు అతనితో, ఈ పట్టణంలో నాకు చాలామంది జనులున్నారు అన్న భావంతో మాట్లాడాడు. ఆ జనులు ఇంకా నమ్మలేదు. కాని ప్రభువు ముందే వారిని తనవారిగా లెక్కపెట్టాడు. ఆ మాట విని పౌలు ఇంటికి పోయి పడుకోలేదు. ఏడాదిన్నర అక్కడే ఉండి బోధించాడు. దేవుని ఏర్పాటును నిజంగా నమ్మినవాడు పని మానడు. పని మానకుండా ఉండే బలం అతనికి ఆ ఏర్పాటు నుండే వస్తుంది.

కొండ మీద ప్రార్థన, దూరాన ఒక సర్వేయరు

1854 నూతన సంవత్సరం రోజు తెల్లవారుజామున ఒంగోలు దగ్గర ఒక చిన్న కొండ మీద ఐదుగురు కూడుకున్నారు. జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అనే తెలుగు బోధకుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు సహోదరీలు. మోకాళ్ళూని, ఒంగోలుకు ఒక మిషనెరీని పంపమని ప్రార్థించారు. కింద కనబడిన ఒక స్థలాన్ని చూపి, అక్కడ మిషన్ ఇల్లు ఉంటే బాగుంటుంది గదా అని జ్యూయెట్ దొరగారు జూలియమ్మతో అన్నారని మన పెద్దలు చెబుతారు. నేటికీ ఆ కొండను ప్రార్థన కొండ అనే పిలుస్తారు.

ఆ ఉదయం వారు ఎవరి కొరకు ప్రార్థించారో వారికి తెలియదు. ఆ మనిషికి అప్పటికి పదిహేడేళ్ళు. పేరు జాన్ క్లౌ. 1836లో అమెరికాలో పుట్టినవాడు. ఆ యౌవనకాలంలో అతడు ప్రభువును ఎరుగడు. ఆ రోజుల్లో సర్వేయర్లతో కలిసి అడవుల్లో, మైదానాల్లో గొలుసు పట్టి భూమి కొలిచే పని నేర్చుకున్నాడు. ఆ తరువాత కాలేజీ చదువులో ఉండగా మారుమనస్సు పొందాడు. 1865లో నెల్లూరులో దిగాడు. 1866లో ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది. కొండ మీద ప్రార్థించి సరిగ్గా పదమూడు సంవత్సరాలు!

ప్రియ శ్రోతలారా, ప్రార్థనకు జవాబు కాగలవాడు ఆ ప్రార్థన జరిగే వేళకు ఇంకా అవిశ్వాసిగానే ఉన్నాడు. ఉత్తరం రాసిన తల్లీ, ఈ మాట మీరు పట్టుకోండి. మీ ప్రార్థన చేరే వేళకు మీ కుమారుడు ఎక్కడ ఉన్నాడన్నది దేవునికి అడ్డంకి కాదు. క్లౌ ఆ భూమి కొలిచే పనిని తన ఇష్టంతో, తన పొట్టకూటికి నేర్చుకున్నాడు. దేవుడు దాన్ని ఎందుకు నేర్పించాడో ఇరవై ఏళ్ళ తరువాత తెలిసింది. అది కాస్త ఆగి చెబుతాను.

తోలు పని చేసే పెరయ్య

ఒంగోలులో క్లౌ దొరగారికి మొదట పరిచయమైనవారిలో పై కులాలవారు కూడా ఉన్నారు. కొందరు వాక్యం శ్రద్ధగా వినేవారు. అంతలో యర్రగుంట్ల పెరయ్య అనే మాదిగ సహోదరుడు ప్రభువును అంగీకరించాడు. ఆయన తోళ్ళ వ్యాపారం చేస్తూ ఊళ్ళు తిరిగేవాడు. సత్యదేవుడు ఎవరని ఎన్నో ఏళ్ళు గురువుల దగ్గర వెదికినవాడు. 1866లో బాప్తిస్మం పొంది, తన ఊరి చుట్టూ తనవారికి తానే సువార్త చెప్పాడు. 1867లో క్లౌ దొరగారు పెరయ్య ఊరైన తాళ్ళకొండపాడు వెళ్ళేసరికి అక్కడ జనం సిద్ధంగా ఉన్నారు.

ఇక్కడ పరీక్ష వచ్చింది. ఈ మాదిగవారిని చేర్చుకుంటే మేము రాము అని పై కులాలవారు తేల్చి చెప్పారు. క్లౌ దొరగారు కలత చెంది బైబిలు తెరిచారు. వేరొక గదిలో ఆయన భార్య కూడా ఆ సంగతి గురించే బైబిలు తెరిచారు. ఇద్దరి కళ్ళూ ఒకే చోట పడ్డాయి, 1 కొరింథీయులకు 1వ అధ్యాయం చివరి భాగం. లోకం ఘనులనుకొనేవారిని సిగ్గుపరచడానికి, లోకం లెక్కలోకి తీసుకోనివారిని దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు రాసిన భాగం అది. వారి సందేహం తీరిపోయింది.

గమనించండి. ఏర్పాటు అనే మాట పండితుల గదిలో వినబడితే గర్వం పుట్టించవచ్చు. పల్లె చివర గుడిసెలో వినబడితే తలెత్తుకొనేలా చేస్తుంది. తరతరాలుగా ఎవరూ కోరుకోని వారితో, "నిన్ను నేను కోరుకున్నాను" అని దేవుడు చెప్పిన మాట అది. ఏర్పాటు సిద్ధాంతం వారికి తలుపు మూయలేదు. మనుషులు మూసిన తలుపును దేవుడు తెరిచిన సంగతి అది.

అయితే వారు ఊరికే ఏర్పరచబడినవారుగా కూర్చోలేదు. బాప్తిస్మం తీసుకున్నవారు మూడు నియమాలకు ఒప్పుకోవాలి. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కాని ఊరి జాతరలో డప్పు కొట్టనన్నవాడికి, పెద్దల పొలంలో ఆదివారం పనికి రానన్నవాడికి ఆ రోజుల్లో ఏం జరుగుతుందో మన తాతలను అడిగితే చెప్పేవారు. కూలి పోయింది. నీళ్ళు తోడుకోనివ్వలేదు. కొట్టారు. అయినా "నేను యేసు ప్రభువు వాడను" అన్నారు. ఆ జవాబు మనిషి ఇచ్చిందే. దెబ్బ పడిన వీపు ఆ మనిషిదే.

కాలువ గట్టు మీద

1876లో వానలు పోయాయి. ధాత నామ సంవత్సరంలో వచ్చింది గనుక మన పెద్దలు దాన్ని ధాత కరువు అన్నారు. 1878 వరకు అది మద్రాసు రాజధానిని కాల్చివేసింది. లక్షలాది ప్రాణాలు పోయాయి. కరువు పని కింద ప్రభుత్వం మద్రాసు నుండి పెదగంజాం వైపు తీరం వెంబడి కాలువ తవ్వించింది. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి వచ్చింది. కావలి తూర్పు పల్లెలవారికి ఆ కాలువ చూపించనవసరం లేదు. సముద్రానికి వెళ్ళే దారిలో ఇప్పటికీ దాన్ని దాటే వెళ్తాము.

ఆ కాలువలో మూడున్నర మైళ్ళ పని క్లౌ దొరగారు కాంట్రాక్టు తీసుకున్నారు. భూమి కొలవడం, మట్టి లెక్క కట్టడం ఆయనకు కొత్త కాదు. ఇరవై ఏళ్ళ క్రితం అమెరికా మైదానాలలో పట్టిన గొలుసు ఇక్కడ వేలమందికి అన్నం పెట్టింది! క్రైస్తవులు, క్రైస్తవేతరులు అందరూ తవ్వారు. బోధకులే మేస్త్రీలయ్యారు. మధ్యాహ్నం విశ్రాంతి వేళ గట్టు మీద కూర్చొని, భారం మోసి అలసినవారిని తన దగ్గరికి పిలిచే ప్రభువు మాటను, మత్తయి 11వ అధ్యాయం నుండి చెప్పేవారు. తలమీద మట్టి తట్ట మోసే మనిషికి ఆ మాట అర్థం కావడానికి వ్యాఖ్యానం అవసరమా?

వేలమంది బాప్తిస్మం అడిగారు. అప్పుడు క్లౌ దొరగారు ఏం చేశారు? ఇవ్వలేదు. పదిహేను నెలలపాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఎందుకు? ఆకలి చెప్పించే "అవును" అనే మాట నిజమైన జవాబు కాకపోవచ్చని ఆయనకు తెలుసు. అన్నం పెట్టే చేతికి ఎవడైనా నమస్కారం పెడతాడు. దేవునికి కావలసింది ఆ నమస్కారం కాదు.

1878 జూన్ వచ్చేసరికి కరువు పని, సహాయం ముగింపుకు వచ్చాయి. ఇక డబ్బు లేదు, కూలి లేదు అని చెప్పారు. అయినా జనం వస్తూనే ఉన్నారు. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర కూడమన్నారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. మూడు రోజుల్లో 3,536 మంది. ఆ సంవత్సరం చివరికి 9,606 మంది. 1853లో మూసివేద్దామనుకున్న ఒంటరి చుక్క అదే!

అప్పుడూ ఇప్పుడూ కొందరు, "వాళ్ళు కూటి కోసం వచ్చారు" అంటారు. వారికి కోపంతో జవాబు చెప్పకండి. ఆ ప్రశ్న న్యాయమైనదే. మనిషి మనసులో ఆకలి ఎంత, ఆశ ఎంత, దేవుని పిలుపు ఎంత అని వేరు చేసి తూచే త్రాసు మన దగ్గర లేదు, విమర్శించేవారి దగ్గరా లేదు. మనకు తెలిసినది ఇంతే. కూలి ఉన్న రోజుల్లో కాదు, కూలి ఆగిపోయాక వారికి బాప్తిస్మం ఇచ్చారు. కరువు పోయి పంటలు పండాక కూడా ఆ సంఘాలు నిలిచాయి. తప్పిపోయిన కుమారుణ్ణి కూడా ఇంటి దారి పట్టించింది ముందు ఆకలే గదా. లూకా 15లో తండ్రి ఆ సంగతి అడిగాడా? ఆకలి వాడిని లేపింది. ఇంటి వైపు అడుగు వేసింది వాడే. దూరాన ఉండగానే చూచి పరుగెత్తింది తండ్రి.

కావలి సెటిల్‌మెంటు చెప్పే పాఠం

ఇప్పుడు మన కావలికి వద్దాం. ఇది చెప్పడానికి కొంచెం కష్టమైన సంగతి. అయినా సత్యం చెప్పాలి.

1911లో ఆంగ్ల ప్రభుత్వం నేరస్థ తెగల చట్టాన్ని మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేసింది. కొన్ని తెగలలో పుట్టినవాడు పుట్టుకతోనే దొంగ అన్నది ఆ చట్టం వెనుకనున్న ఆలోచన. ఆ 1910 దశకంలో కావలిలో ఎరుకల కుటుంబాల కొరకు ఒక సెటిల్‌మెంటు పెట్టి, దాని నిర్వహణ అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు అప్పగించారు. శామ్యూల్ బాడెన్ దొరగారు చాలా సంవత్సరాలు దాన్ని నడిపారు. బడి ఉంది, పని ఉంది, వైద్యం ఉంది, వాక్యం ఉంది. దానితోపాటు హాజరు పట్టీ కూడా ఉంది. చీటీ లేకుండా ఊరు దాటి వెళ్ళడానికి వీలు లేదు.

ప్రియులారా, ఆ దొరగార్ల ప్రేమను నేను అనుమానించడం లేదు. ఒక విధంగా వారు ఆ చట్టానికే ఎదురు సాక్ష్యం చెప్పారు. పుట్టుక మనిషిని దొంగగా నిర్ణయించదు, క్రీస్తునందు ఎవడైనా కొత్త మనిషి కాగలడు అని నమ్మి పనిచేశారు. కాని కంచె లోపల ఉన్నవాడిని "నీవు ప్రభువును నమ్ముతావా?" అని అడిగితే, వాడు ఇచ్చే జవాబు ఎంతవరకు వాడిది? క్లౌ దొరగారు పదిహేను నెలలు ఆగినది ఈ ప్రశ్న కోసమే గదా. 1952లో స్వతంత్ర భారతదేశం ఆ చట్టాన్ని రద్దుచేసింది. ఆ కుటుంబాల బిడ్డలు ఎవరి చీటీ లేకుండా, తమంతట తాము మందిరానికి నడిచి వచ్చిన ఆదివారం, ఆ జవాబు వారి సొంతమైంది.

బలవంతం చేసే హక్కు ఎవరికైనా ఉంటే అది సృష్టికర్తకే ఉంది. ఆయన బలవంతం చేయడు. ప్రకటన గ్రంథం 3వ అధ్యాయంలో ప్రభువు తలుపు దగ్గర నిలిచి తట్టుతున్నాడు గాని పగలగొట్టడం లేదు. ఆయనే చేయని పనిని ఆయన పేరుతో మనం చేయవచ్చా? చట్టంతో గాని, డబ్బుతో గాని, ఇంట్లో అన్నం పెట్టనని బెదిరించి గాని?

తలరాత కాదు, తండ్రి చిత్తం

మనలో చాలామంది దేవుని చిత్తం అని పైకి అంటూ, లోపల తలరాత అనే అర్థంతోనే బ్రతుకుతున్నాము. జబ్బు వస్తే దేవుని చిత్తం. బిడ్డ చదవకపోతే దేవుని చిత్తం. తాగుడు మానలేకపోతే, "నాకు ఇంకా ఆ ఘడియ రాలేదు" అంటాము. ఇది విశ్వాసం కాదు. తలరాతకు చెవులు లేవు, అది ప్రార్థన వినదు. తండ్రికి చెవులున్నాయి. తలరాత అన్నది ఎవరినీ ప్రేమించి రాసినది కాదు. తండ్రి చిత్తం మన కొరకు సిలువ దాకా వెళ్ళింది.

మన తీరంవారికి సులభంగా తెలిసే ఒక సంగతితో దీన్ని చూపిస్తాను. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం. ఓడ తుఫానులో చిక్కుకుంది. ఓడలో ఉన్న 276 మందిలో ఒక్కరి ప్రాణానికీ హాని రాదని దేవుడు దూత ద్వారా పౌలుకు మాట ఇచ్చాడు. అది దేవుని నిర్ణయం. మారదు. కొంతసేపటికి నావికులు చిన్న పడవ దించుకొని పారిపోబోయారు. అప్పుడు అదే పౌలు, వీళ్ళు ఓడలో ఉండకపోతే మీరు బ్రతకరు అని శతాధిపతిని హెచ్చరించాడు. సైనికులు తాళ్ళు కోసేశారు. నావికులు ఉండిపోయారు. అందరూ ఒడ్డుకు చేరారు.

దేవుడు మాట ఇచ్చాడు గదా, ఇక నావికులు ఎందుకు అని పౌలు అనలేదు. నావికులు ఉన్నారు గదా, ఇక దేవుడెందుకు అని కూడా అనలేదు. గాలివాన లేచిన రాత్రి వేటకు వెళ్ళిన మన సహోదరులకు ఇది బాగా తెలుసు. మోకాళ్ళ మీద ప్రార్థన చేసే మనిషే తాడు కూడా గట్టిగా పట్టుకుంటాడు.

ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో పౌలు, భయంతో వణకుతో మీ రక్షణ విషయంలో పాటుపడండి అన్న భావంతో చెప్పి, ఆ వెంటనే కారణం చెబుతాడు. మీలో ఇష్టాన్నీ, పనినీ పుట్టించేవాడు దేవుడే గనుక అంటాడు. "అయినా" అనలేదు, "గనుక" అన్నాడు. దేవుడు పనిచేస్తున్నాడు గనుకనే మనం పనిచేయగలం.

ఈ రెండూ ఎలా కలుస్తాయో నేను మీకు గీత గీసి చూపలేను. ఫుల్లరు గారు చూపలేదు, అగస్టీను గారు చూపలేదు. కాని మన పెద్దల చరిత్ర నుండి ఒక్క మాట నేర్చుకున్నాను. వెనుకకు తిరిగి చూసినప్పుడు "అంతా దేవుని కృప" అనాలి. ముందుకు చూసినప్పుడు "నేను ఇప్పుడు జవాబు ఇవ్వాలి" అనాలి. ఈ రెండు మాటలను తారుమారు చేసినప్పుడే సంఘానికి కీడు వచ్చింది. వెనుకకు చూసి "నా ప్రయాసే" అన్నవాడు గర్వపడ్డాడు. ముందుకు చూసి "అంతా ఆయనే చూసుకుంటాడు" అన్నవాడు నిద్రపోయాడు.

ఇంకొక సంతోషకరమైన సంగతి. విడిపోయిన ఆ రెండు బాప్టిస్టు పాయలు 1891లో ఇంగ్లండులో ఒకటయ్యాయి. అమెరికాలో స్వేచ్ఛాచిత్తాన్ని నొక్కి చెప్పే బాప్టిస్టులలో ఎక్కువమంది 1911లో ఉత్తరాది బాప్టిస్టులతో కలిశారు. సట్టన్ గారు అడగ్గా ఇవతలివారు పంపిన 1835లోనే, మన తెలుగు మిషన్ విషయంలో వారు తెలియకుండానే చేతులు కలిపారు!

ఉత్తరం రాసిన అమ్మా, ఇప్పుడు మీకు నా జవాబు. దేవుడు రాజు గనుక ప్రార్థించండి. మీరు చేరలేని చోట, మీ కుమారుడు పని చేసే చోట, అతను రాత్రివేళ ఒంటరిగా మేలుకొని ఉండే చోట ఆయన ఉన్నాడు. మీ కుమారుడు జవాబు ఇవ్వగల మనిషి గనుక అతనితో మాట్లాడండి, సణగకుండా, సంవత్సరాల లెక్క చెప్పకుండా. అతని జవాబు అతనిదై ఉండాలి గనుక బలవంతం చేయకండి. అన్నం పెట్టండి, షరతు పెట్టకండి. అతడు ఏర్పరచబడినవాడా కాదా అని పరలోకపు గ్రంథంలో వెదకడం మన పని కాదు. తన దగ్గరికి వచ్చేవాణ్ణి ఎన్నడూ బయటికి నెట్టను అని ప్రభువు యోహాను 6:37లో మాట ఇచ్చాడు. ఆ మాట అతనికి చేరవేయడమే మన పని.

ఇది వింటున్న కుమారుడా, కుమార్తె, ఎవరివో నీవు. నీ తల్లి ప్రార్థన చేస్తున్న సంగతి నీకు తెలుసు. ఆ ప్రార్థన ఆమెలో పుట్టించింది ఎవరని ఎప్పుడైనా ఆలోచించావా? ఆయన నిన్ను వెదుకుతున్నాడనడానికి అదే గుర్తు. ఘడియ రాలేదని అనకు. ఈ మాట నీ చెవిన పడిన ఈ క్షణమే ఆ ఘడియ. జవాబు మాత్రం నీవే ఇవ్వాలి.

ప్రార్థన చేసుకుందాం. ప్రేమగల పరలోకపు తండ్రీ, మేము నిన్ను వెదకక ముందే నీవు మమ్మును వెదకినందుకు స్తోత్రం. మా పెద్దలకు నీవిచ్చిన ఓర్పును మాకు దయచేయుము. దూరమైన బిడ్డల కొరకు కన్నీరు కార్చే తల్లిదండ్రులను ఆదరించుము. ఈ వేళ నీ పిలుపు విన్నవారు తమ సొంత నోటితో, తమ సొంత మనసుతో నీకు జవాబిచ్చునట్లు వారిని నడిపించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.